స్థానిక సంస్థలలో మహిళా రిజర్వేషన్లు

స్థానిక సంస్థలలో మహిళా రిజర్వేషన్లు అనగా పంచాయతీలు, మండల, జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘాలలో కొన్ని స్థానాలను, అధ్యక్ష పదవులను స్త్రీలకే ప్రత్యేకించే ఏర్పాటు. భారతదేశంలో ఇది 73వ, 74వ రాజ్యాంగ సవరణల ద్వారా 1993లో అమలులోకి వచ్చింది.

నేపథ్యం

1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం మూడంచెల పంచాయతీ వ్యవస్థను సూచించినప్పుడు, సమితిలోనికి ఇద్దరు స్త్రీలను కో-ఆప్షన్ పద్ధతిలో తీసుకుంటే చాలునని భావించింది. అలా వచ్చినవారు ప్రజలు ఎన్నుకున్నవారు కారు, తోటి సభ్యులు ఎంచుకున్నవారు. కనుక వారి మాటకు సభలో బలం తక్కువ. కర్ణాటక 1983 చట్టంలో 25 శాతం స్థానాలు స్త్రీలకు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి మండల వ్యవస్థలో అధ్యక్ష పదవులలో 9 శాతం వారికి దక్కాయి.

చట్ట నిబంధనలు

రాజ్యాంగంలోని 243-డి అధికరణం ప్రకారం పంచాయతీలలోని సభ్యస్థానాలలోను, అధ్యక్ష పదవులలోను మూడవ వంతుకు తక్కువ కాకుండా స్త్రీలకు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలకు కేటాయించిన స్థానాలకూ ఇదే లెక్క. పట్టణాలకు 243-టి వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఇందుకు అనుగుణంగా 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసింది. 2006లో బీహార్ ఈ వాటాను సగానికి పెంచగా, ఆంధ్రప్రదేశ్ 2011లో అదే బాట పట్టింది. 2013 పంచాయతీ ఎన్నికలు ఆ ప్రాతిపదికనే జరిగాయి. తెలంగాణ 2018 చట్టం కూడా 50 శాతమే నిర్దేశించింది. దేశమంతటా సగం వాటా కోసం 2009లో ప్రవేశపెట్టిన 110వ సవరణ బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది.

భ్రమణ పద్ధతి

రిజర్వు స్థానాలను భ్రమణ పద్ధతిలో మార్చవచ్చునని రాజ్యాంగమే చెప్పింది. దీనివలన అవకాశం అన్ని ఊళ్ళకూ అందుతుంది. కాని బడ్జెటు, తీర్మానాలు, అధికారుల వ్యవహారం నేర్చుకొనేసరికి సర్పంచి పదవీకాలం ముగుస్తుంది, మరుసటి ఎన్నికకు ఆ పదవి జనరల్ అవుతుంది. జనరల్ స్థానంలో స్త్రీలు పోటీ చేయరాదని ఏ చట్టమూ చెప్పలేదు. అది పురుషుల స్థానమన్న అపోహే అడ్డు. ఈ ఏర్పాటులో అసలు బలహీనత ఇదే. తమిళనాడు ఈ ఇబ్బందిని గుర్తించి ఒక స్థానం రిజర్వేషన్‌ను పదేళ్ళపాటు కొనసాగించే పద్ధతి పెట్టింది. ముంబయి నగరపాలక వార్డులపై రిఖిల్ భవ్నాని 2009లో ప్రకటించిన అధ్యయనం కొంత ఆశ కల్పిస్తుంది: అంతకుముందు స్త్రీలకు రిజర్వు అయిన వార్డులలో, రిజర్వేషన్ తొలగిన తరువాత కూడా, స్త్రీ గెలిచే అవకాశం ఇతర వార్డులకన్నా సుమారు ఐదు రెట్లు ఎక్కువగా ఉంది.

పాలనలో మార్పు

రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రకటించిన అధ్యయనంలో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించారు. స్త్రీలు అధ్యక్షులైన చోట రెండు రాష్ట్రాలలోను తాగునీటి పనులు పెరిగాయి. రోడ్ల పనులు మాత్రం బెంగాల్‌లో పెరిగి రాజస్థాన్‌లో తగ్గాయి. కారణం, బెంగాల్ స్త్రీలు నీటితోపాటు రోడ్లనూ అడిగేవారు. రాజస్థాన్‌లో రోడ్లు అడిగేది ఎక్కువగా పురుషులు.

ఆటంకాలు

భార్య పేరిట భర్త పెత్తనం చేయడం మొదటినుంచీ ఉన్న రుగ్మత. సంతకం ఆమెది, నిర్ణయం అతనిది. దీనిని అరికట్టే మార్గాలు సూచించడానికి 2023లో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ సలహా సంఘాన్ని నియమించింది. 2025లో దాని నివేదిక అందింది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు పోటీకి అనర్హులన్న 1994 చట్ట నిబంధన స్త్రీపురుషులిద్దరికీ వర్తించినా, ఎందరు బిడ్డలన్నది తన చేతిలో లేని గ్రామీణ స్త్రీకి అది ఎక్కువ కష్టం కలిగించింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిని 2024 నవంబరులో తొలగించింది.