రికార్డుకెక్కని జబ్బు: బళ్లారి జిల్లా నుంచి హిందూపురం దాకా



మన సంఘాల్లో ఇలాంటి మనిషిని అందరం చూసే ఉంటాం. వారం పది రోజులు మూడు గంటలకు మించి నిద్రపోడు. అయినా అలసట ఉండదు. రాత్రికి రాత్రి కరపత్రం రాస్తాడు. పొద్దున ధర్మవరంలో, మధ్యాహ్నం పెనుకొండలో, సాయంత్రం హిందూపురం హాస్టల్లో మీటింగు పెడతాడు. "ఇట్లాంటోళ్లు పదిమంది ఉంటే చాలు" అంటాం. ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ ఎత్తడు, గది దాటి రాడు. "భయపడ్డాడు", "అమ్ముడుపోయాడు", "ఒట్టి సోమరి" అంటాం. పొగిడిందీ మనమే, తిట్టిందీ మనమే. ఇది జబ్బేమో అన్న అనుమానం మాత్రం రాదు.

ఇలా ఉన్న ప్రతివాళ్లకీ జబ్బు ఉందని కాదు. కానీ ఈ వరసకు వైద్యంలో ఒక పేరుంది: బైపోలార్ 2. అది మన ఊళ్లలో ఎవరి కంటా ఎందుకు పడలేదో ఈ భాగంలో చూద్దాం.

ముందు తేడా తెలుసుకోవాలి. బైపోలార్ 1కి గుర్తు మేనియా. ఉత్సాహం, చిరాకు, ఒంట్లో శక్తి అదుపు తప్పి కనీసం వారం రోజులు ఉంటాయి. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రమైతే వారం లెక్క కూడా చూడరు. ఇల్లు, పని, సంపాదన దెబ్బతింటాయి. కొందరికి లేని గొంతులు వినిపిస్తాయి, తానే దేవుణ్ణన్న నమ్మకం కలుగుతుంది. డిప్రెషన్ రాకపోయినా సరే, ఒక్కసారి మేనియా వస్తే అది బైపోలార్ 1.

బైపోలార్ 2లో ఆ స్థాయి మేనియా రాదు. వచ్చేది హైపోమేనియా. కనీసం నాలుగు రోజులు నిద్ర అవసరం తగ్గి, మాట, ఆలోచన, ఖర్చు, పని అన్నీ వేగం అందుకుంటాయి. మార్పు చుట్టుపక్కలవాళ్లకు తెలుస్తుంది. కానీ పని ఆగదు, భ్రమలుండవు, ఆసుపత్రి దాకా పోదు. దీంతో పాటు కనీసం రెండు వారాలుండే తీవ్రమైన డిప్రెషన్ ఒక్కసారైనా వచ్చి ఉండాలి. రెండో నంబరు కాబట్టి చిన్న జబ్బు అనుకోవద్దు. మనిషి ఎక్కువ కాలం డిప్రెషన్‌లోనే గడుపుతాడు. ఆత్మహత్య ముప్పు మొదటి రకం కంటే తక్కువేమీ కాదు.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారు పిచ్చాసుపత్రులు మద్రాసులో, వాల్తేరులో, కాలికట్‌లో ఉన్నాయి. సీమలో ఒక్కటీ లేదు. వాటిలోకి మనుషుల్ని పంపింది 1858 నాటి చట్టం, తర్వాత 1912 నాటి ఇండియన్ లూనసీ యాక్టు. వీధుల్లో తిరిగేవాణ్ణి, ప్రమాదకారి అనిపించినవాణ్ణి పోలీసు పట్టుకుని మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇంటివాళ్లు అర్జీ పెట్టుకునే దారి కూడా ఉంది. కానీ 1912 చట్టం ప్రకారం దానికి రెండు డాక్టరు సర్టిఫికెట్లు కావాలి. కూలి చేసుకునే ఇంటికి అవి ఎక్కడి నుంచి వస్తాయి?

అంటే పేదవాడి జబ్బు సర్కారుకు కనబడాలంటే వాడు వీధిన పడాలి. మేనియా వీధిన పడుతుంది. హైపోమేనియా పనిలో ఉంటుంది. డిప్రెషన్ గోడవైపు తిరిగి పడుకుంటుంది. మొదటిదానికి పోలీసు వచ్చాడు, రిజిస్టరు వచ్చింది. మిగతా రెండింటికీ కాగితమే లేదు.

వైద్యమూ ఆసుపత్రిలో చేరినవాళ్లనే చూసి నేర్చుకుంది. 1854లో పారిస్‌లో ఫాల్రే, బయార్జే ఉద్రేకం, దిగులు ఒకే జబ్బు రెండు ముఖాలని చెప్పారు. 1899లో జర్మనీలో క్రెపెలిన్ దాన్ని ఒకే పేరు కింద స్థిరపరిచాడు. అందులోంచి రెండో రకాన్ని 1976లో అమెరికాలో డన్నర్, గెర్షన్, గుడ్విన్ విడదీశారు. వాళ్లు వాడిన కొలబద్ద చూడండి: మేనియాతో ఆసుపత్రిలో చేరినవాళ్లు ఒకటి, డిప్రెషన్‌తోనే చేరి, హైపోమేనియా చరిత్ర ఉన్నవాళ్లు రెండు. అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం పుస్తకంలోకి బైపోలార్ 2 ఎక్కింది 1994లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో అది అంతకుముందు "ఇతరాలు" కింద ఉండేది. దానికి సొంత స్థానం దొరికింది 2022లో అమల్లోకి వచ్చిన 11వ కూర్పుతోనే.

మన దారిలో ఏం జరిగింది? 1953లో బళ్లారిలో ఎక్కువ భాగం మైసూరు రాష్ట్రానికి పోయింది. 1974లో బెంగళూరులో నిమ్హాన్స్ ఏర్పడింది. 1985లో ఆ నిమ్హాన్స్ వైద్యులు బళ్లారి జిల్లాలో ఒక పని మొదలుపెట్టారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక జబ్బులు గుర్తుపట్టడం, మందులివ్వడం నేర్పారు. జబ్బుమనిషి ఆసుపత్రిని వెతుక్కుంటూ పోవడం కాదు, వైద్యమే ఊరికి రావాలన్నది ఆలోచన. దేశానికి అదే నమూనా అయింది. 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, తొలి విడత నాలుగు జిల్లాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ ఉంది. ఒకప్పటి మన జిల్లా కేంద్రమే దేశానికి పాఠం చెప్పింది. ఆ పాఠం మొదలైనప్పుడు మనం రాష్ట్ర సరిహద్దుకు ఇవతల ఉన్నాం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు పోయే రైలే మనకు మిగిలింది. కూలికి పోయేవాళ్లూ, మనసు బాగాలేనివాళ్లూ ఎక్కేది అదే రైలు.

ఇందులో కులం ఎక్కడుంది? "సోమరి" అనే మాటలో ఉంది. దళితుడు పనికి రాకపోతే కారణం అడిగే అలవాటు ఈ సమాజానికి ఎన్నడూ లేదు. రెండాళ్ల పని ఒక్కడే చేస్తే ఆసామికి లాభం, కాబట్టి అది జబ్బులా కనబడదు. పనికి లేవలేకపోతే అది కులబుద్ధి అవుతుంది. హైపోమేనియాకు మెచ్చుకోలు, డిప్రెషన్‌కు తిట్టు. బైపోలార్ 2 దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

మన వైపు నుంచీ ఒక జంకు ఉంది. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాక అది సంస్థాగత హత్య అని నిలబడి చెప్పాం. సరైన మాట. వివక్షను "మానసిక సమస్య"గా కుదించే ఎత్తుగడ మనకు తెలుసు కాబట్టే జబ్బు అన్న మాట పలకడానికి వెనకాడతాం. కానీ ఆ జంకుకు మూల్యం చెల్లించేది నిజంగా జబ్బున్న మన పిల్లలే.

ఈ రెండు భయాలకూ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సమాధానం ఉంది. 3వ సెక్షన్ ప్రకారం రాజకీయ, సామాజిక స్థితిని బట్టి, లోకం విలువలకు ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదు. 18వ సెక్షన్ ప్రకారం కుల వివక్ష లేని వైద్యం హక్కు. ఎదిరించినవాడిది పిచ్చి కాదు. జబ్బున్నవాడికి మందు భిక్ష కాదు.

ఇక చేయాల్సింది. డిప్రెషన్‌తో డాక్టరు దగ్గరికి పోయే మిత్రుడు, అడగకపోయినా, ఒక సంగతి చెప్పాలి: "నిద్ర తగ్గినా అలసట లేకుండా, మామూలుకంటే మించి హుషారుగా గడిపిన రోజులు నాకున్నాయి" అని. ఆ మాట చెప్పకపోతే ఉత్త డిప్రెషన్ మందులే రాస్తారు. బైపోలార్ ఉన్న కొందరిలో అవి ఒంటరిగా వాడితే మనసును అటువైపు ఎగదోస్తాయి. లితియం లాంటి మందులు పనిచేస్తాయి, కానీ రక్త పరీక్షలు తప్పనిసరి, సొంతంగా ఆపకూడదు. హుషారు రోజుల్ని ఆ మనిషి జబ్బుగా చెప్పుకోడు. పక్కనున్న మనమే గమనించి తోడుపోవాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మీటింగుకు రాని కామ్రేడ్ గురించి తీర్మానం చేసేముందు ఒకరు వాళ్లింటికి పోయి రండి.

జై భీమ్.