పలనాటి బావియు, పెరటి మురుగుతొట్టియు



నేటి నా ప్రసంగ విషయము భోజనవేళ చెప్పుకొనదగినది కాదు. అయినను బావినీరు త్రాగు ప్రతి యింటివారును వినవలసినది. కావున కొంచెము ఓర్పుతో ఆలకింపుడని పెద్దలను ప్రార్థించుచున్నాను.

గుత్తికొండ బిలమును మీలో పెక్కురు చూచియే యుందురు. పలనాటి యుద్ధము ముగిసిన పిదప బ్రహ్మనాయుడు ఆ బిలమున ప్రవేశించెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ కథ యెట్లున్నను, బిలము మాత్రము మనకొక పాఠము చెప్పుచున్నది. ఆ సున్నపురాతి కొండ లోపల గుహలును, వానిలో నీటి మడుగులును గలవు. వాననీరు వేలకొలది యేండ్లు రాతి పగుళ్లలో దిగి, రాతిని కొంచెము కొంచెముగా కరగించి, తనకు దారి చేసికొన్నది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు రాయి నిచ్చునది ఈ జాతి నేలయే. ఇట్టి నేలలో మన బావుల కూట వచ్చునదియు పగుళ్ల గుండనే. నేడు నేను చెప్పదలచిన దొక్కటే: ఊట వచ్చు దారినే మురుగును రాగలదు.

మురుగును దూరముగా పంపవలెనను బుద్ధి మన సీమకు క్రొత్తది కాదు. క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి మన మాచర్ల దాపుననే, కృష్ణలోయలో నుండెను. నాగార్జునసాగరపు నీట ఆ లోయ మునుగుటకు ముందు, 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు త్రవ్వి చూడగా విహారములు, స్నానఘట్టములు, వానితోపాటు నీటిని వెలుపలికి పంపు కాలువలు బయల్పడినవి. ఇంటింటికి ఒక మరుగుదొడ్డి, దానికొక తొట్టి యను నేర్పాటు మాత్రము ఇటీవలిదే. దాని చరిత్ర తెలిసికొన్నచో దాని మర్మమును తెలియును.

1854లో లండను నగరమున బ్రాడ్ వీధి పరిసరములలో కలరా చెలరేగి, ఆరువందలమందికి పైగా మరణించిరి. రోగము చెడుగాలివలన వచ్చునని నాటి వైద్యులలో పెక్కురి నమ్మకము. జాన్ స్నో అను వైద్యుడు మృతుల యిండ్లను లెక్కించి చూచి, వారిలో అధికసంఖ్యాకులు ఒక్క పంపు నీరే త్రాగిరని నిరూపించెను. తరువాత త్రవ్వి చూడగా, ఆ పంపు బావికి మూడడుగులలోపున ఒక యింటి మురుగుగుంట యుండెను. దాని యిటుకలు శిథిలమై, మురుగు బావివైపునకు ఊరుచుండెను.

కొలదికాలమునకు, 1860 ప్రాంతమున, ఫ్రాన్సుదేశమున లూయీ మూరా అనునతడు గాలి చొరని తొట్టి నొకదానిని కట్టించెను. కొన్ని యేండ్లకు తెరచి చూడగా, పేరుకొనవలసినంత మలము అందు కనబడలేదు. అతడు దానికి 1881లో పేటెంటు పొందెను. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణమున డోనాల్డ్ కామెరాన్ ఇట్టి తొట్టినే కట్టి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టెను. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు మలమును కుళ్లజేసి, చాలభాగమును నీరుగాను వాయువుగాను మార్చుటయే దీని మర్మము. బరువైనది అడుగున మడ్డియగును. తేలికయైనది మీద తెట్టు కట్టును. నడిమి నీరు గొట్టము గుండ వెలుపలికి పోవును. ఆ నీరు కంటికి తేటగా నుండవచ్చునుగాని, రోగక్రిములు అందింకను ఉండును.

ఇక నా యింటి సంగతి మనవిచేసెదను. గురజాల ప్రాంతమున మా పెరటిలో తాపీమేస్త్రి యొకడు గుంట త్రవ్వించి, అడుగున గచ్చు వేయక విడిచెను. “ఈ రాయి యెంత పోసినను త్రాగును; ఎత్తించు పనియే యుండదు” అని యతడు చెప్పగా నేను సంతోషించితిని. గుంట మూడేండ్లు నిండలేదు. బంధువులకు గొప్పగా చెప్పుకొంటిని కూడ. నాలుగవయేట వానలకు ఇంటిలో పిల్లలకు విరేచనములు పట్టుకొన్నవి. చిన్నది మంచము దిగుటకు నెల పట్టెను. బావినీటిని పరీక్ష చేయింపగా మలసంబంధమైన క్రిములు కనబడినవి. గుంటకును బావికిని నడుమ నలువది అడుగుల దూరముండెను. రాతి పగులునకు ఆ దూర మొక లెక్క కాదని నాకప్పుడు తెలిసినది. గుంట నిండకపోవుట భాగ్యము కాదు. మురుగెచటికి పోవుచున్నదో వెదకవలెనని హెచ్చరిక.

భారత ప్రమాణముల సంస్థవారి నియమము ప్రకారము ఇంకుడుగుంట త్రాగునీటి బావికి 18 మీటర్లకు, అనగా సుమారు 60 అడుగులకు తక్కువ దూరమున నుండరాదు. అది మట్టినేలలకు చెల్లిన మాట. సున్నపురాతి నేలలో, పగుళ్ల రాతిలో, తొట్టినీటిని భూమిలో ఇంకించుట తగదనియే ఆ నియమావళి చెప్పుచున్నది. కావున మనము తొట్టి అడుగును, గోడలను నీరు దిగకుండ గచ్చు చేయింపవలెను. వెలువడు నీటిని కంకర నింపిన వడపోత తొట్టి గుండ అడుగునుండి పైకి ఎక్కించి, బావికి దూరముగా గొట్టమున పంపవలెను. కూరపాదులకు దానిని పెట్టరాదు.

తొట్టిని కాపాడుటయు కష్టము కాదు. అందలి సూక్ష్మజీవులే మన పనివారు; ఫినాయిలు, ఆమ్లము మితిమీరి పోసినచో వారు చత్తురు. గుడ్డలు, నూనె, బూడిద, వాననీరు అందు పడనీయరాదు. గాలిగొట్టమును మూయరాదు. తొట్టిలో నీరు గొట్టమువరకు నిలిచియుండుట చూచి నిండినదని భయపడవలదు; అది దాని స్వభావము. మడ్డిని మాత్రము రెండు మూడేండ్ల కొకసారి యంత్రపు లారీతో తీయింపవలెను. ఆ మడ్డిని చంద్రవంకలోనో నాగులేటిలోనో పోయనీయరాదు. శుద్ధిచేయు చోటికే పంపవలెను.

చివరిమాట, అన్నిటికంటె ముఖ్యమైనది. తొట్టిలోనికి మనిషిని దింపరాదు. అందలి విషవాయువు రెండు శ్వాసలలో మనిషిని పడగొట్టును. రక్షింపబోయిన రెండవవాడును పడిపోవును. రక్షణసాధనములు లేక మనుష్యునిచేత తొట్టి శుభ్రము చేయించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. ఇట్టి మరణములకు పరిహారము 30 లక్షల రూపాయలకు తక్కువ కాకూడదని సుప్రీంకోర్టు 2023లో ఉత్తరువు చేసినది. కాని యే ధనము తండ్రిని తిరిగి తెచ్చును? అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించినవాడని మనము బ్రహ్మనాయుని కొనియాడుదుము. ఆ పంక్తిలో మన ప్రక్కను కూర్చుండదగినవానిని మన మురుగులోనికి దింపుట యే ధర్మము?

రేపు ఉదయము మీ పెరటిలోనికి పోయి, బావినుండి తొట్టివరకు అడుగులు కొలిచి చూడుడు. అడుగున గచ్చున్నదో లేదో కట్టిన మేస్త్రి నడుగుడు. నేను ఆలస్యముగా అడిగితిని. మీరు ముందే అడుగుడు.