గుండ్లకమ్మ రేవు

తీర్థమను సంస్కృత పదమునకు నీటిలోనికి దిగు రేవు అనియే మొదటి అర్థము. పుణ్యజలమను అర్థము పిమ్మట వచ్చినది. మన పడమటి సీమలో ఈ రెండర్థములకును తగిన నది గుండ్లకమ్మ.

ఇది నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత పుట్టి, నెమలిగుండపు రంగనాయకస్వామి సన్నిధిని దాటి, కంభము చెరువును నింపి తూర్పునకు సాగును. నెమలిగుండమున మయూర మహర్షి తపస్సు చేసెనని స్థలపురాణము. గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములవారు అచ్చట స్నానమాడి స్వామిని సేవింతురు. ఇది యెల్లరెఱిగినదే. ఇదే నది దిగువన, ఒంగోలునకు ఉత్తరముగా సుమారు పది మైళ్ల దూరమున వెల్లంపల్లి రేవు కలదు. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, ఆ ఒక్కదినమున, 2,222 మంది అచ్చట బాప్తిస్మము పొందిరి. ఈ సంగతి ఎఱిగినవారు తక్కువ.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరెను. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అచ్చటి సంఘము ఏర్పడినది. అంతకు ముందే, 1866లోనే, యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ కులస్థుడు బాప్తిస్మము పొంది, తనవారి నడుమ ఊరూర తిరిగి బోధించెను. దొర పేరు గ్రంథములకెక్కినంతగా పేరయ్య పేరు ఎక్కలేదు గాని, మూలము వెదకిన ఆతనియొద్దకే పోవలెను.

1876లో ధాత కరవు వచ్చినది. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. గంజి కొఱకు మతము మారిరని నేటికిని కొందఱందురు. లెక్క చూడవలెను. కరవు పని సాగినంతకాలము, సుమారు పదునైదు నెలలు, ఆయన ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. ఇక సాయము లేదని చెప్పిన పిమ్మటను జనము మరలిపోలేదు. ఆకలినాడు ఆదుకొన్నవానియందు విశ్వాసము కలుగుట సహజమే. దానిని దాచవలసిన పనియు లేదు.

వచ్చినవారిలో పెక్కండ్రు మాదిగలు. ఊరి బావిలో చేద వేయుటకు వారికి హక్కు లేదు. పైకులమువారెవరైన తోడి పోసిననే నీరు. బాప్టిస్టు మతమునందు తలపై నాలుగు చుక్కలు చల్లిన చాలదు, నిండ మునుగవలెను. కడవెడు నీటికై బావియొద్ద కాచుకొనుటకలవాటుపడినవారు ఆనాడు నదిలో నడుము లోతున దిగి మునిగి లేచిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి, ప్రొద్దుట మొదలిడి, మధ్యాహ్నము కొంత విశ్రమించి, సాయంకాలమునకు పని ముగించిరి. ముందునాడు 614, మఱునాడు 700. మూడు దినములకు మొత్తము 3,536.

పిమ్మట 1882లో కంభమునను, 1895లో మార్కాపురమునను మిషను కేంద్రములు వెలసినవి. అప్పటికి ఈ రెండూళ్లు కర్నూలు జిల్లాలోనివి, ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. 1970లో ఇవి యొక్క జిల్లా క్రిందికి వచ్చినవి. ఊరి బావి మాత్రము రేవంత సులభముగా తెరువబడలేదు. బావులయొద్ద, చెరువులయొద్ద అంటరానితనము పేర అడ్డగించుట శిక్షార్హమని శాసించిన అస్పృశ్యతా నేరముల చట్టము 1955లో వచ్చినది. వెల్లంపల్లి రేవునకును ఆ చట్టమునకును నడుమ 77 ఏండ్లు.