తుపాకీకీ గురుకులానికీ మధ్య ఉత్తర తెలంగాణ

1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ నక్సలైట్ల దళం కొందరు ఐఏఎస్ అధికారులను ఎత్తుకుపోయింది. జైల్లో ఉన్న తమవాళ్లను ప్రభుత్వం విడిచిపెట్టాకగానీ దళం వాళ్లను వదల్లేదు. ఆ బందీల్లో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. దళిత పిల్లలకు హాస్టళ్లు, గురుకులాలు ఉండాలని ప్రభుత్వంలో ఉండి పట్టుబట్టిన మనిషి ఆయన. పదేళ్లు తిరిగేసరికి, 1997లో, అదే శంకరన్ 'పౌర స్పందన వేదిక' తరఫున దళాలకూ ప్రభుత్వానికీ నడుమ నిలబడి, రెండువైపులా తుపాకులు దించమని అడగడం మొదలుపెట్టారు.

తుపాకీ ఎవరి చేతిలో ఉండాలి, తెలివైన పల్లె పిల్లలకు మంచి బడిలో సీటు ఎలా దొరకాలి? ఇప్పటి విద్యార్థులకు ఇవి వక్తృత్వ పోటీల్లో వేర్వేరు రోజుల్లో ఇచ్చే అంశాలు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు యాభై ఏళ్ల చరిత్ర తిరగేస్తే మాత్రం రెండూ ఒకే కథలో కనిపిస్తాయి.

తుపాకీ సంగతి ముందు. 1878 నాటి బ్రిటిష్ చట్టం స్థానంలో స్వతంత్ర భారతం 1959లో ఆయుధాల చట్టం తెచ్చుకుంది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. అప్పట్లో లైసెన్సుకు కనీస వయసు 16 ఏళ్లే. 1983 సవరణతో అది 21 అయింది. కాగితం మీద ఇది అందరికీ ఒకటే చట్టం. ఊళ్లో లైసెన్సు తుపాకీ అంటూ ఉంటే అది దొర గడీలో ఉండేది, మిగిలినవి పోలీస్ ఠాణాలో ఉండేవి. జీతగాడి కొడుకు దాన్ని దూరం నుంచి చూడాల్సిందే.

1970ల మధ్యలో రాడికల్ విద్యార్థి సంఘం పుట్టింది. వేసవి సెలవుల్లో కాలేజీ పిల్లలు ఊళ్లకు పోయి కూలి రేట్లు, వెట్టి, పాలేరుతనం గురించి మాట్లాడేవారు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు కదిలారు. జైత్రయాత్ర అని దానికి పేరు నిలిచిపోయింది. నెల దాటగానే, అక్టోబర్‌లో, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1980 ఏప్రిల్‌లో పీపుల్స్‌వార్ ఏర్పడింది. మరుసటేడు ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద పోలీసులు కాల్పులు జరిపారు.

ఈ దారిన పోయినవాళ్లెవరో చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. జగిత్యాల పక్కన బీర్‌పూర్‌లో పుట్టిన ముప్పాళ్ల లక్ష్మణరావు సైన్సు డిగ్రీ చేసి, బీఈడీ చదివి, బడిపంతులుగా పనిచేశారు. తరవాత గణపతి పేరుతో, పీపుల్స్‌వార్ నుంచి వచ్చిన మావోయిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. అదే పార్టీ నాయకుడు, పెద్దపల్లికి చెందిన మల్లోజుల కోటేశ్వరరావు కరీంనగర్‌లో డిగ్రీ చదివినవారు. గణపతి తరవాత ఆ పదవికి వచ్చిన నంబాల కేశవరావుది శ్రీకాకుళం, ఆయన చదివింది వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ)లో. వీళ్లెవరూ చదువు రాక తుపాకీ పట్టినవారు కారు. తరగతిలో ముందు వరసలో ఉండాల్సినవాళ్లే. అది సరైన దారా, ఎంత నెత్తురు కారింది అన్నది వేరే లెక్క. ఆ లెక్కలో రెండువైపులా చనిపోయిందీ ఎక్కువగా పల్లె ఇళ్ల పిల్లలే.

ఇక బడి కథ. 1969 తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడ్డాయి, పరీక్షలు ఆగిపోయాయి, కాల్పుల్లో విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజుల్లో ఉమ్మడి రాష్ట్ర విద్యాశాఖ పి.వి. నరసింహారావు చేతిలో ఉంది. ఆయన కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగి, మంథని నుంచి శాసనసభకు ఎన్నికైన మనిషి. ఊళ్లో చురుకైన పిల్లవాడు ఐదో తరగతి దాటాక ఏమవుతాడో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ముఖ్యమంత్రి అయిన రెండు నెలలకు, 1971 నవంబర్ 23న, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి ప్రభుత్వ గురుకుల పాఠశాల మొదలైంది. పరీక్ష పెట్టి పిల్లలను ఏరడం, ఏరినవాళ్లకు తిండి, బట్ట, పుస్తకం, పడక ఉచితంగా ఇవ్వడం, పంతుళ్లు కూడా ఆవరణలోనే ఉండడం అక్కడి పద్ధతి. మరుసటేడు తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి.

సర్వేల్‌లో చదివిన ఎం. మహేందర్‌రెడ్డి వరంగల్ ఆర్‌ఈసీకి వెళ్లి, ఐపీఎస్ అయి, తెలంగాణ డీజీపీగా 2022 దాకా పనిచేశారు. పైన చెప్పిన కేశవరావు కాలేజీ కూడా అదే. ఒకే కాలేజీ మెట్లెక్కిన ఇద్దరిలో ఒకరు పోలీసు దళాలకు పెద్ద అయ్యారు, ఇంకొకరు 2025 మే 21న అబూజ్‌మఢ్ అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

పి.వి. ఢిల్లీకి పోయి 1985లో కేంద్ర మానవ వనరుల మంత్రి కాగానే సర్వేల్ ఆలోచన దేశమంతా పాకింది. అవే నవోదయ విద్యాలయాలు. ఉమ్మడి కరీంనగర్‌కు చొప్పదండిలో, ఆదిలాబాద్‌కు కాగజ్‌నగర్‌లో ఒక్కొక్కటి వచ్చాయి. సీట్లలో 75 శాతం పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు కేటాయించారు. తొమ్మిదో తరగతిలో కొందరిని హిందీ రాష్ట్రాలకు పంపి, అక్కడివాళ్లను ఇక్కడికి తెచ్చే ఏర్పాటూ ఉంది.

నవోదయ ప్రవేశ పరీక్షను దగ్గర నుంచి చూడాలి. రాసేది ఐదో తరగతి పిల్లలు. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం మార్కులు బొమ్మలకే: నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదేది, మడిచి కత్తిరించిన కాగితాన్ని విప్పితే ఎలా ఉంటుంది, అద్దంలో ఈ ఆకారం ఎటు తిరుగుతుంది. మిగతా సగం లెక్కలు, భాష. బొమ్మలు పెట్టిన కారణం మంచిదే. ఇంట్లో ఎవరూ చదువుకోని పిల్లవాడికీ బొమ్మ అర్థమవుతుందని. కానీ కోచింగ్ సెంటర్లు ఆ బొమ్మలనూ బట్టీ పట్టించేశాయి. డబ్బు కట్టి ఏడాది తర్ఫీదు పొందినవాడికీ, సర్కారు బడి నుంచి నేరుగా వచ్చి కూర్చున్నవాడికీ ఇప్పుడు ఒకటే ఓఎంఆర్ షీటు. నిలిచేది జిల్లా మొత్తానికి 80 మంది. అంత సన్నటి జల్లెడలో గింజతోపాటు అదృష్టం కూడా పడుతుందని ఒప్పుకోవాలి.

అంటే ప్రతిభను పరీక్షతో కొలవడం తప్పా? ఈ తగాదా ఇక్కడిదే కాదు. అమెరికాలో వర్జీనియాలోని థామస్ జెఫర్సన్ హైస్కూలు 2020లో ప్రవేశ పరీక్ష ఎత్తేసింది. భారతీయ, చైనా కుటుంబాలు కోర్టుకెక్కాయి. 2024లో సుప్రీంకోర్టు కేసు విననంది. అక్కడి తెలుగు ఇళ్లలో ఈ మాట నడుస్తూనే ఉంటుంది. దాని పక్కనే ఇంకో భయం కూడా. బడిలో గణితం ముందుకు చదివే పిల్ల, అదే బడిలో తుపాకీవాడు వస్తే ఎక్కడ దాక్కోవాలో కూడా సాధన చేస్తుంది. టెక్సస్‌లోని యువాల్డే బడి కాల్పుల తరవాత, 2022 జూన్‌లో, అక్కడి కాంగ్రెస్ దాదాపు ముప్పై ఏళ్లలో తొలిసారి చెప్పుకోదగ్గ తుపాకీ చట్టం చేసింది. 21 ఏళ్లలోపు కొనుగోలుదారుల మీద తనిఖీ పెంచింది. మన దగ్గర 1983 నుంచీ ఉన్న వయసు హద్దు కూడా అదే.

మళ్లీ ఇటు వద్దాం. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వమూ మావోయిస్టులూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. పీటముడి పడింది ఆయుధాల దగ్గరే. దళాలు ఊళ్లలోకి తుపాకులతో రాకూడదని ప్రభుత్వం, ఆయుధం వదిలేది లేదని వాళ్లు. 2005 జనవరికి చర్చలు కూలిపోయాయి.

బడి వైపు చూస్తే, 2008లో బాసర ట్రిపుల్ ఐటీ వచ్చింది. అప్పుడు అది ఆదిలాబాద్ జిల్లా. పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింట్లు కలిపారు. ఈ నిర్ణయం విలువ ఎంత చెప్పుకున్నా తక్కువే: సర్కారు బడిలో చదివిన పిల్ల దాటిన దూరాన్ని రాష్ట్రం అంకెలో ఒప్పుకుంది. అయితే తెచ్చి కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోలేదు. 2022 జూన్‌లో వైస్ చాన్సలర్ లేడని, తిండి బాగోలేదని వేలమంది పిల్లలు ఎండలో వానలో వారం రోజులు బైఠాయించారు. ఒక్క రాయి పడలేదు.

2012లో సాంఘిక సంక్షేమ గురుకులాల పగ్గాలు అందుకున్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ అంతకుముందు కరీంనగర్ జిల్లా ఎస్పీగా పనిచేసిన ఐపీఎస్ అధికారి. శంకరన్ వేసిన బాటలో ఒక పోలీసు నడవడం చరిత్రలో చిత్రమైన మలుపు. 2014 మే 25న ఆ గురుకులాల విద్యార్థిని, నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. ప్రతిభంటే లెక్కలూ ఇంగ్లీషేనా అన్న ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరికింది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్లకే పిస్టల్ షూటింగ్‌లో జాతీయ చాంపియన్ కావడం ఇంకో జవాబు. చట్టం శిక్షణ కోసం పిల్లల చేతికి తుపాకీ ఇవ్వనిస్తుంది. కాకపోతే షూటింగ్ రేంజి హైదరాబాద్‌లో ఉంటుంది, మెట్‌పల్లి పసుపు రైతు ఇంటికి దగ్గరలో కాదు.

కోటేశ్వరరావు తమ్ముడు వేణుగోపాల్ 2025 అక్టోబర్‌లో గడ్చిరోలిలో అరవై మందితో కలిసి ఆయుధాలు అప్పగించారు. ఉత్తర తెలంగాణ కథలో తుపాకీ అధ్యాయం చివరికొచ్చిందన్నది స్పష్టం. బడి అధ్యాయం గురించి అంత నిబ్బరంగా చెప్పలేం. 1963లో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 నుంచి ఆగిపోయి ఉంది. ఏరిన కొద్దిమందికి అన్నీ ఇచ్చి, ఏరగా మిగిలినవాళ్లను పంతులు లేని బడికి వదిలేయడం యాభై ఏళ్లుగా మారలేదు. ఆ మిగిలినవాళ్లలో తెలివైనవాళ్లు లేరని ఏ పరీక్షా రుజువు చేయలేదు.

2024 డిసెంబర్ 6న కేంద్ర మంత్రివర్గం తెలంగాణకు ఏడు కొత్త నవోదయలు మంజూరు చేసింది. అందులో జగిత్యాల జిల్లాకు ఒకటి. మెట్‌పల్లి, ఇబ్రహీంపట్నం, మల్లాపూర్ ఊళ్లలో ఐదో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లు నోటిఫికేషన్ వెలువడగానే బడి పెద్దసారును అడగాలి. ఎనిమిదో తరగతి పిల్లలుంటే ఏటా 12,000 రూపాయలిచ్చే జాతీయ ఉపకారవేతన పరీక్ష గురించి కూడా అడగాలి. నవోదయ దరఖాస్తుకు రుసుం లేదు. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయనిచ్చేది మాత్రం ఒక్కసారే.