వణికే చేతుల కోసం పుట్టిన బ్రష్షు

1880ల నాటి ఇంగ్లండు, అమెరికా పత్రికల్లో డాక్టర్ స్కాట్ అనే పేరుతో ఊదరగొట్టే ప్రకటనలు వచ్చేవి. ఎలక్ట్రిక్ తలబ్రష్షు, ఎలక్ట్రిక్ కార్సెట్, వాటి వెంట ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్షు. తీరా కొన్నవాళ్ళ చేతికొచ్చింది మామూలు బ్రష్షే. తీగ లేదు, బ్యాటరీ లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. అయస్కాంతంగా మార్చిన ఇనుమును పిడిలో దాచి, అదే విద్యుత్తని అమ్మారు. ఎడిసన్ బల్బు వెలిగి అప్పటికి పట్టుమని పదేళ్ళు కాలేదు. కరెంటు పేరు చెబితే ఏదైనా అమ్ముడుపోయే కాలం.

పళ్ళు తోమే యంత్రం కథ ఇలా బూటకంతో మొదలవడం ఒకందుకు సబబుగానే ఉంది. ఇవాళ్టికీ డబ్బా మీద రాసినదాంట్లో ఏది పనికొచ్చేది, ఏది దాచిన ఇనుప ముక్క అని తేల్చుకోవడమే కొనేవాళ్ళ మొదటి పని.

నిజంగా మోటారున్న బ్రష్షు రావడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. టామ్లిన్‌సన్ మోస్లీ అనే ఆయన అమెరికాలో మోటోడెంట్ పేరుతో ఒకటి తయారుచేశాడు. ఆయన కంపెనీ 1937 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. లోకం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. రెండు నెలలు తిరిగేసరికి, 1938 ఫిబ్రవరిలో, చేతి బ్రష్షే తన రూపం మార్చుకుంది. డ్యూపాంట్ కంపెనీ నైలాన్ పోగులతో ‘డాక్టర్ వెస్ట్స్ మిరాకిల్’ బ్రష్షు బజారుకొచ్చింది. అంతవరకూ అక్కడ బ్రష్షంటే చాలావరకు పంది వెంట్రుకలే. చైనాలో పదిహేనో శతాబ్దం చివరినాటికే ఉన్న పద్ధతది. వెంట్రుక తడి త్వరగా ఆరదు, ఊడి నోట్లో పడుతుంది. నైలానుకు ఆ బాధలు లేవుగానీ తొలినాటి పోగులు మరీ బిరుసు, చిగుళ్ళు గీరుకుపోయేవి. 1950లో కాలిఫోర్నియా చిగుళ్ళ వైద్యుడు రాబర్ట్ హట్సన్ సన్నటి, మెత్తటి పోగులతో అరవై కుచ్చుల బ్రష్షు చేసి ఓరల్-బి 60 అని పేరు పెట్టాడు. ఆ పేరుతో మనకు మళ్ళీ పనిపడుతుంది.

ఆ రోజుల్లో మన ఊళ్ళలో వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి వేరు, కచ్చిక, ఉప్పు. బొగ్గుపొడి, ఇటుకపొడి పంటి మీది పింగాణీని అరగదీస్తాయన్న మాట నిజమే. పందుంపుల్లకు మాత్రం ఒక సుగుణం ఉండేది. దాన్ని నములుతూ చెరువుగట్టు దాకా వెళ్ళొచ్చేవాళ్ళకు రెండు నిమిషాల టైమరు అవసరం పడలేదు. పేస్టు, బ్రష్షు వచ్చాకే మనం ముప్పై సెకన్లలో ముగించడం నేర్చుకున్నాం.

అసలు కథకు 1954 ముఖ్యమైన ఏడాది. స్విట్జర్లాండ్‌లో డాక్టర్ ఫిలిప్-గీ వూగ్ అప్పుడే బ్రాక్సోడెంట్ అనే ఎలక్ట్రిక్ బ్రష్షుకు రూపమిచ్చాడు. ఇది ఆరోగ్యవంతుల సోకు కోసం చేసింది కాదు. చేతులు స్వాధీనంలో లేని రోగులు, పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవాళ్ళు ఆయన మనసులో ఉన్నారు. బ్రష్షు పట్టుకోగలరు, నోట్లో పెట్టుకోగలరు, ఆడించడమే చేతకాదు. ఆ ఒక్క పనీ మోటారుకు అప్పగించాడు.

అదే ఏడాది అమెరికాలో చార్ల్స్ బాస్ చేత్తో ఎలా తోమాలో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఆయన దంతవైద్యుడు కాదు, న్యూ ఓర్లీన్స్‌లో టులేన్ వైద్య కళాశాల డీన్‌గా చేసి రిటైరైన డాక్టరు. విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో మైక్రోస్కోపు ముందేసుకుని పంటి పాచిని చూస్తూ కూర్చున్నాడు. పాచి ఎక్కువగా పేరుకునేది పన్నూ చిగురూ కలిసే గీత దగ్గర. కాబట్టి బ్రష్షును ఆ గీత మీద నలభై అయిదు డిగ్రీలు వాల్చి, అక్కడికక్కడే సన్నగా కదిలించమన్నాడు. ఈనాటికీ దంతవైద్యులు చూపించేది దాదాపు ఆ పద్ధతే. నేర్చుకుంటే అద్భుతంగా పనిచేస్తుంది, కాకపోతే నేర్చుకునేవాళ్ళు తక్కువ. మనలో ఎక్కువమంది గిన్నెలు తోమినట్టు తోముతాం.

వూగ్ బ్రష్షును 1960లో స్క్విబ్ అనే మందుల కంపెనీ అమెరికాలో అమ్మకానికి పెట్టింది. దాని వైరు నేరుగా గోడ సాకెట్టుకే. నీళ్ళ గదిలో, తడిచేత్తో పట్టుకుని, నోట్లో పెట్టుకునే వస్తువుకు ఇంటి కరెంటు! తలుచుకుంటేనే పళ్ళు జివ్వుమంటాయి. మరుసటి ఏడాదే, 1961లో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తీగ లేకుండా చేసింది. పిడిలో నికెల్-కాడ్మియం బ్యాటరీలు పెట్టి, వాడనప్పుడు ఛార్జింగ్ స్టాండులో నిలబెట్టమంది. భయం తీరింది, బాధ తీరలేదు. పిడి పెద్ద టార్చిలైటంత లావు. బ్యాటరీలు లోపలే సీలు చేసి ఉండటంతో అవి చచ్చిన రోజున మొత్తం సామానూ చెత్తబుట్టలోకే. ఈ రెండో లోపం చాలా బ్రష్షుల్లో నేటికీ పోలేదు.

ఇప్పటి బ్రష్షు స్టాండు మీద నిలబెడితే ఎక్కడా లోహం లోహాన్ని తాకదు. అయినా ఛార్జవుతుంది. స్టాండులో ఒక తీగచుట్ట, పిడి అడుగున మరొకటి. మొదటిదాంట్లో దిశ మార్చుకుంటూ ప్రవహించే కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది, ఆ క్షేత్రం రెండోదాంట్లో కరెంటు పుట్టిస్తుంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరులో జరిగేదీ ఇదే. డాక్టర్ స్కాట్ అబద్ధమాడిన అయస్కాంతం వందేళ్ళ తర్వాత నిజంగానే ఉద్యోగంలో చేరిందన్నమాట.

1960, 70లలో ఈ బ్రష్షు ఎక్కువమందికి బద్ధకస్తుల బొమ్మగానే కనిపించింది. తల అటూ ఇటూ ఊగడం తప్ప చెయ్యి చేసేదానికంటే మోటారు ఎక్కువేమీ చేయలేదు మరి. మార్పు 1987లో ఇంటర్‌ప్లాక్ అనే బ్రష్షుతో మొదలైంది. అందులో కుచ్చులు దేనికది గుండ్రంగా తిరిగేవి. తర్వాత రంగంలోకి దిగింది గడ్డం గీసుకునే బ్లేళ్ళ కంపెనీ. జిల్లెట్ అప్పటికే 1967లో జర్మనీకి చెందిన బ్రౌన్‌ను, 1984లో హట్సన్ పెట్టిన ఓరల్-బిని చేజిక్కించుకుంది. ఒకరికి మోటార్లు తెలుసు, ఇంకొకరికి కుచ్చులు తెలుసు. 1991లో ఇద్దరూ కలిసి చిన్న గుండ్రటి తల ఉన్న బ్రష్షు తెచ్చారు. ఆ తల పూర్తిగా తిరగదు, కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకి తిరుగుతూ ఒక్కో పన్నునూ చుట్టేస్తుంది. రేజరు ఒకసారి, బ్లేడు జీవితాంతం అమ్మే విద్య జిల్లెట్‌కు వెన్నతో పెట్టినది. మూడు నెలలకోసారి మార్చాల్సిన బ్రష్షు తల ఆ ఇంటికి సరిగ్గా సరిపోయే కోడలు.

మరుసటి ఏడాది, 1992లో, సియాటిల్ వైపు నుంచి సోనికేర్ అనే బ్రష్షు వచ్చింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు డేవిడ్ ఎంగెల్, రాయ్ మార్టిన్‌లతో డేవిడ్ జూలియానీ అనే వ్యాపారవేత్త చేతులు కలిపాడు. 2000లో వాళ్ళ కంపెనీని ఫిలిప్స్ కొన్నది. సోనికేర్ తల చేతి బ్రష్షులాగే పొడవుగా ఉండి, చాలా వేగంగా కంపిస్తుంది. నిమిషానికి 31 వేల కదలికలు అని డబ్బా మీద చదివి గుండె ఆగినంత పని అవుతుంది కదా. లెక్క చూడండి. అటు పోవడం ఒకటి, ఇటు రావడం ఒకటి. అంటే సెకనుకు సుమారు 260 సార్లు అటూ ఇటూ. పాటగాళ్ళ భాషలో ఒకటో శ్రుతికి దగ్గర. చెవిపెట్టి వింటే గొంతు కలిపి సా పట్టుకోవచ్చు. ఆ వేగానికి నోట్లోని తడి, నురగ కూడా సుడి తిరిగి పంటిసందుల వైపు చేరతాయి. అలాగని సందుల్లో దారంతోనో చిన్న బ్రష్షుతోనో శుభ్రం చేసుకునే పని తప్పిపోదు.

ఇంతకీ మామూలు బ్రష్షు కంటే ఎలక్ట్రిక్ బ్రష్షు మేలా? దీనికి మొహమాటం లేని జవాబు వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2014లో ఇచ్చింది. 1964 నుంచి 2011 దాకా వెలువడిన 56 పరీక్షలను, అయిదువేల పైచిలుకు మంది వివరాలను కలిపి చూశారు. మూడు నెలల లోపు పాచి 11 శాతం, మూడు నెలలు దాటాక 21 శాతం తక్కువ. చిగుళ్ళ వాపులో తేడా 6 శాతం, ఆ తర్వాత 11 శాతం. మేలు ఉంది, అద్భుతం లేదు. ఆ తేడా దీర్ఘకాలంలో పళ్ళను ఎంతవరకు కాపాడుతుందో ఆ పరీక్షలు తేల్చలేకపోయాయి. బాస్ పద్ధతిలో రెండు నిమిషాలు చేత్తో తోముకునే ఓపిక ఉన్నవారు పదివేలు పెట్టి యంత్రం కొనక్కర్లేదని నా అభిప్రాయం. ఆ ఓపిక లేనివారికి డబ్బు ఖర్చుపెట్టి కొనుక్కునే క్రమశిక్షణ ఇది.

కొన్నవాళ్ళు చేసే మొదటి తప్పు, దీన్ని కూడా చేతి బ్రష్షులాగే రుద్దడం. రుద్దే పని మోటారుది, మీది నడిపించే పని మాత్రమే. పేస్టు పెట్టి, నోట్లో పెట్టుకున్నాకే మీట నొక్కండి. లేదంటే అద్దం నిండా తుంపరలే. కుచ్చుల్ని చిగురుగీత మీద ఆనించి, పన్ను దగ్గర రెండు క్షణాలు ఆపి, పక్క పన్నుకు జరపండి. బయటివైపు, లోపలివైపు, నమిలేవైపు, చిట్టచివరి దవడపన్ను వెనక కూడా. చాలా బ్రష్షుల్లో ముప్పై సెకన్లకోసారి మోటారు చిన్నగా తడబడుతుంది. అది రిపేరు కాదు, నోటిలో తర్వాతి పావుభాగానికి వెళ్ళమని చెప్పడం. గట్టిగా నొక్కితే చిగురు వెనక్కి జరిగి పంటి వేరు బయటపడుతుంది. చల్లనీళ్ళు తగలగానే జివ్వుమనడానికి అదొక కారణం. ఒత్తిడి ఎక్కువైతే దీపం వెలిగించేదో, వేగం తగ్గించేదో ఒక సెన్సర్ కొన్ని బ్రష్షుల్లో ఉంటుంది. నేనైతే డబ్బు దానికి పెడతాను. ఫోను యాప్, అయిదారు మోడ్‌లు, బంగారు రంగు పిడి, ఇవన్నీ స్కాట్ గారి ఇనుప ముక్కలు.

తోమాక పుక్కిట నిండా నీళ్ళు పోసుకుని కడిగేయకుండా నురగ ఉమ్మేసి ఊరుకుంటే పేస్టులోని ఫ్లోరైడ్ పంటిమీద కాసేపు పనిచేస్తుంది. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు, ఆపైన ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. నల్గొండ, ప్రకాశం జిల్లాల నీటి ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద పడిన గోధుమరంగు మచ్చల్ని ఈ బ్రష్షు వదిలిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మచ్చ పన్ను తయారవుతున్నప్పుడే పింగాణీలో కలిసిపోయింది. గట్టిపడిన గారను కూడా ఏ బ్రష్షూ తీయలేదు, దానికి డాక్టరు దగ్గర క్లీనింగే.

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకొస్తూ అమ్మానాన్నలకు ఈ బ్రష్షు తేవడం తెలుగిళ్ళలో ఇప్పుడు మామూలే. ప్లగ్గు పెట్టేముందు ఛార్జరు అడుగున సన్నక్షరాలు చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే సరే. 110 అనో 120 అనో మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది కాలిపోతుంది, అడాప్టర్ ప్లగ్గు పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. ఇంకో మాట, ఆ మోడలు తలలు మీ ఊళ్ళోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతాయో లేదో ముందే చూసుకోండి. దొరక్కపోతే, వెడల్పుగా విచ్చుకుపోయిన కుచ్చులతోనే ఏడాది పొడుగునా తోముతూ ఉంటారు.

వారానికోసారి తల ఊడదీసి చూడండి. పిడి పైన ఉండే సన్నటి ఇనుప మొన చుట్టూ తెల్లటి పేస్టు, దాని అంచున నల్లటి జిగురు కనిపిస్తాయి. తల లోపలి గొట్టంలో కూడా అదే. రెండింటినీ కుళాయి కింద కడిగి, విడిగా ఆరబెట్టాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాడేముందు డాక్టర్ని అడగాలి.

ఇంట్లో ఒక్కటే కొనే వీలుంటే, ఐటీ ఉద్యోగం చేస్తూ రెండు చేతులూ బాగా ఆడే మీకంటే ముందు వేళ్ళు కీళ్ళవాతంతో బిగుసుకున్న అమ్మకో, చెయ్యి వణికే నాన్నకో, పక్షవాతం తర్వాత మంచం పట్టిన పెదనాన్నకో కొనండి. బ్రాక్సోడెంట్ చేసినప్పుడు వూగ్ మనసులో ఉన్నది వాళ్ళే. లావు పిడి వాళ్ళకు ఇబ్బంది కాదు, పట్టు దొరుకుతుంది. మంచం పక్కన కూర్చుని ఇంకొకరి పళ్ళు తోమేవాళ్ళకూ పని తేలిక. వాళ్ళకు సరిపోయే బ్రష్షుకు పది మోడ్‌లు అవసరం లేదు. మెత్తటి కుచ్చు, చిన్న తల, పెద్ద మీట, రెండు నిమిషాల టైమరు ఉంటే చాలు.