మెట్ట ప్రాంతంలో కొత్త శాసనసభ్యుల ప్రజాసంబంధాలు: వినతి నుంచి సమాధానం వరకు

(ప్రత్యేక వ్యాసం)

శాసనసభ్యుడు ప్రజలకూ ప్రభుత్వానికీ నడుమ వారధి వంటివాడని చెప్పుకోవడం పరిపాటి. వారధి మీద రాకపోకలు రెండు వైపులా సాగవలసి ఉంటుంది. ప్రజల విన్నపం ప్రభుత్వ కార్యాలయానికి చేరడం ఒక వైపు ప్రయాణం. ఆ విన్నపం ఏమైనదో తెలిపే సమాధానం తిరిగి గ్రామానికి చేరడం రెండవ వైపు ప్రయాణం. ఎన్నికల ఫలితాలు వెలువడిన తొలి వారాలలో కొత్త శాసనసభ్యుల కార్యాలయాల ముందు కనిపించే జనసందోహం మొదటి ప్రయాణానికి నిదర్శనం. రెండవ ప్రయాణం సక్రమంగా సాగినప్పుడే ప్రజాసంబంధం సార్థకమవుతుంది. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా పేరొందిన జగ్గయ్యపేట, నందిగామ నియోజకవర్గాల అనుభవం ఈ విషయాన్ని స్పష్టం చేస్తున్నది.

రెండు నియోజకవర్గాల స్వరూపం

రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట నెలకొల్పిన పట్టణం జగ్గయ్యపేట. దీనికి పూర్వనామం బేతవోలు. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు మండలాలు ఈ నియోజకవర్గంలో ఉన్నాయి. నందిగామతో పాటు కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు మండలాలు నందిగామ నియోజకవర్గంలోనివి. నియోజకవర్గాల పునర్విభజన అనంతరం 2009 ఎన్నికల నుంచి నందిగామ షెడ్యూల్డు కులాలకు కేటాయించబడింది. హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి రెండు నియోజకవర్గాల మీదుగా సాగుతుంది. పత్తి, మిరప ఇక్కడి ముఖ్యమైన పంటలు. జగ్గయ్యపేట పరిసరాలలో సిమెంటు పరిశ్రమ కూడా విస్తరించింది.

ఒక్కొక్క నియోజకవర్గంలో సుమారు రెండు లక్షల మంది ఓటర్లు ఉన్నారు. శాసనసభ్యులు ఒక్కరోజు కూడా విరామం లేకుండా రోజుకు నూరు మంది చొప్పున కలుసుకున్నా ఐదేళ్ల కాలంలో లక్షా 83 వేల మందికి మించి కలుసుకోలేరు. కాబట్టి ముఖాముఖి పలకరింపు ఎంత ముఖ్యమైనదైనా, దాని వెనుక వినతులను నమోదు చేసి, సంబంధిత శాఖకు పంపి, ఫలితం తెలుసుకునే ఏర్పాటు తప్పనిసరి.

ప్రతినిధి లేని మూడు నెలలు

శాసనసభ్యుల అవసరం ఎంతటిదో నందిగామ ప్రజలకు అనుభవపూర్వకంగా తెలుసు. 2014 ఎన్నికలలో ఇక్కడి నుంచి గెలుపొందిన శ్రీ తంగిరాల ప్రభాకరరావు అదే ఏడాది జూన్ నెలలో ఆకస్మికంగా మరణించారు. సెప్టెంబరు 13న జరిగిన ఉప ఎన్నికలో ఆయన కుమార్తె శ్రీమతి తంగిరాల సౌమ్య 74 వేలకు పైగా ఆధిక్యంతో ఎన్నికయ్యారు. అంతకు పూర్వం 1999 జూన్‌లో నాటి శాసనసభ్యులు శ్రీ దేవినేని వెంకటరమణ రైలు ప్రమాదంలో మరణించగా, ఆ ఏడాది జరిగిన సాధారణ ఎన్నికలలో ఆయన సోదరులు శ్రీ దేవినేని ఉమామహేశ్వరరావు ఇక్కడి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

ఖాళీ అయిన స్థానానికి సాధారణంగా ఆరు నెలలలోగా ఉప ఎన్నిక జరపాలని ప్రజాప్రాతినిధ్య చట్టం నిర్దేశిస్తున్నది. 2014లో మూడు నెలలలోనే ఉప ఎన్నిక పూర్తయింది. అయితే జూన్ నుంచి సెప్టెంబరు వరకు గల ఆ కాలం ఖరీఫ్ సాగుకు కీలకమైనది. విత్తనాలు, పంట రుణాలు, కాలువ నీరు, పాఠశాల ప్రవేశాలు వంటి పనులన్నీ ఆ నెలలలోనే ఉంటాయి. అటువంటి సమయంలో శాసనసభలో తమ పక్షాన ప్రశ్న వేసేవారు లేకపోవడం నియోజకవర్గానికి చిన్న లోటు కాదు. ఆ తరుణంలో ఎన్నికైన సభ్యులు నిలిచిపోయిన పనులను ముందుగా గుర్తించి, కొత్త వినతులతో పాటు పాత వినతులను కూడా చేపట్టవలసి వస్తుంది.

2024 మే 13న జరిగిన సాధారణ ఎన్నికలలో జగ్గయ్యపేట నుంచి శ్రీ శ్రీరాం రాజగోపాల్, నందిగామ నుంచి శ్రీమతి తంగిరాల సౌమ్య ఎన్నికయ్యారు. జూన్ 4న ఫలితాలు వెలువడగా, జూన్ 21న కొత్త శాసనసభ సమావేశమై సభ్యుల ప్రమాణ స్వీకారం ఆరంభమైనది.

కాలువ చివరి భూములు, కాలపరిమితి

మెట్ట ప్రాంత ప్రజల విన్నపాలలో సాగునీటికి ఎల్లప్పుడూ ప్రాధాన్యం ఉంటుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం ప్రాంతాలను దాటి ఇక్కడికి చేరుతుంది. ఈ ఆయకట్టు మూడవ జోన్‌గా వ్యవహరింపబడుతున్నది. కాలువ చివరి భూములు కావడం వలన ఎగువన వినియోగం పెరిగినా, నీటి విడుదల ఆలస్యమైనా ముందుగా ఇక్కడి రైతే నష్టపోతాడు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కాలువ ఎగువ భాగం తెలంగాణలో, దిగువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఉభయ రాష్ట్రాల నీటి విడుదలకు సంబంధించిన విషయాలు కృష్ణా నదీ యాజమాన్య బోర్డు పరిశీలనకు వెళుతున్నాయి.

పొలం బీటలు వారిన తరువాత ఇచ్చే వినతిపత్రం బోర్డు వరకు వెళ్లి తిరిగి వచ్చేసరికి పైరు చేతికి రాదు. ఏ మేజరు కింద ఎంత విస్తీర్ణం సాగులో ఉన్నది, ఏ తేదీ నాటికి నీరు అవసరమన్న వివరాలు నీటిపారుదల శాఖ అధికారులకు ముందుగానే అందాలి. 1997 నాటి రైతుల ద్వారా సాగునీటి యాజమాన్య చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు ఈ సమాచారానికి సహజమైన మార్గం. 2024 డిసెంబరులో రాష్ట్రంలో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగాయి. నారుమళ్లకు ముందే సంఘాల ప్రతినిధులతో, ఇంజనీర్లతో శాసనసభ్యులు సమావేశమైతే రైతుకు ఏ పంట వేయాలో నిర్ణయించుకునే వ్యవధి దొరుకుతుంది. నీరు రాదన్న సమాధానం సైతం సకాలంలో అందితే రైతు ఆరుతడి పంటకు మారగలడు.

2020 ఆగస్టులో వేదాద్రి ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది. ఇటువంటి పథకాల విషయంలో భూసేకరణ, విద్యుత్ సరఫరా, పైపులైను పనులు వేర్వేరు శాఖల పరిధిలో ఉంటాయి. పని ఏ దశలో ఉన్నదో ఆయకట్టు గ్రామాలకు ఎప్పటికప్పుడు తెలియజేయడం ప్రజాసంబంధంలో భాగమే.

మున్నేరు పొంగినప్పుడు

నీటి కొరతతో పాటు నీటి ఉధృతి కూడా ఈ ప్రాంతపు సమస్యే. మున్నేరు ఖమ్మం మీదుగా ప్రవహించి వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, కంచికచర్ల ప్రాంతాలను దాటి కృష్ణానదిలో కలుస్తుంది. 2023 జూలై చివరి వారంలో మున్నేరు పొంగి నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద జాతీయ రహదారిపై నీరు ప్రవహించడంతో హైదరాబాద్ - విజయవాడ రాకపోకలు నిలిచిపోయాయి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన భారీ వర్షాలకు మున్నేరు, పాలేరు మళ్లీ పొంగాయి. జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు వద్ద రహదారి దెబ్బతిన్నది. కొత్త శాసనసభ ఏర్పడి అప్పటికి రెండున్నర నెలలైనా పూర్తి కాలేదు.

వరద వేళ సమాచారం పై నుంచి కిందికి చేరడం ప్రాణరక్షణకు సంబంధించినది. ఎగువన ఖమ్మం వద్ద నీటిమట్టం పెరిగినప్పుడు దిగువ గ్రామాలకు కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో హెచ్చరిక ప్రతి వీధికి చేరాలంటే గ్రామాలవారీ ఫోన్ నంబర్ల జాబితా ముందే సిద్ధంగా ఉండాలి. వరద తగ్గిన తరువాత పంట నష్టం నమోదు జరుగుతుంది. కౌలు రైతుల పేర్లు జాబితాలో చేరాయా లేదా అన్నది ఆ దశలోనే చూసుకోవాలి. జాబితాలను గ్రామ సచివాలయంలో ప్రదర్శించి అభ్యంతరాలు స్వీకరించినట్లయితే అర్హులకు అన్యాయం జరగదు.

వినతిపత్రం ప్రయాణం

2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతానికి జిల్లా కేంద్రం మచిలీపట్నం. జగ్గయ్యపేట వాసి జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలసి వచ్చేది. ప్రస్తుతం కలెక్టరు కార్యాలయం విజయవాడలో ఉన్నది. 2022లోనే నందిగామ కేంద్రంగా రెవెన్యూ డివిజన్ కూడా ఏర్పడింది. కూలి పని మానుకుని అర్జీ పట్టుకు తిరిగే పేదలకు దూరం తగ్గడం గణనీయమైన ఊరట.

ప్రజల వద్దకు పాలన, 1997లో ఆరంభమైన జన్మభూమి, రచ్చబండ, స్పందన, 2022లో చేపట్టిన గడప గడపకు కార్యక్రమం వంటివి వివిధ ప్రభుత్వాల హయాంలో అమలయ్యాయి. 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక పేరిట సోమవారం నాడు అర్జీల స్వీకరణ జరుగుతున్నది. పేర్లు మారినా అర్జీదారుని ప్రశ్న మారలేదు. తన కాగితం ఎవరి వద్ద ఉన్నదన్నదే ఆ ప్రశ్న.

శాసనసభ్యుల కార్యాలయంలో అందిన ప్రతి వినతికి వరుస సంఖ్య, తేదీ, పంపిన శాఖ, అందిన జవాబు అనే నాలుగు వివరాలు గల రిజిస్టరు నిర్వహించడం ప్రయోజనకరం. పింఛను, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం వంటి వ్యక్తిగత వినతులను, రహదారి, తాగునీరు వంటి సామూహిక వినతులను వేరుచేయాలి. ఒకే గ్రామం నుంచి ఒకే విధమైన వినతులు పది వస్తే అది పది మంది సమస్య కాదు, వ్యవస్థలోని లోపం. దానిని మండల పరిషత్ లేదా జిల్లా పరిషత్ సమావేశంలో ప్రస్తావించాలి. ఈ సంస్థలలో శాసనసభ్యులు హోదా రీత్యా సభ్యులు.

జిల్లా స్థాయిలో పరిష్కారం కాని అంశాలకు శాసనసభ ఉన్నది. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో మౌఖికంగా సమాధానమిస్తారు, దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు లిఖిత పూర్వక సమాధానం లభిస్తుంది. మంత్రి సభలో ఇచ్చిన హామీ అమలును హామీల కమిటీ పరిశీలిస్తుంది. ఆ సమాధానం ప్రతిని సంబంధిత గ్రామ పంచాయతీ నోటీసు బోర్డుపై ఉంచినట్లయితే, తమ ఊరి మాట శాసనసభలో వినిపించిందని ప్రజలు గ్రహిస్తారు.

ప్రజల పాత్ర

వినతిపత్రంలో సర్వే నంబరు, దరఖాస్తు సంఖ్య, ఇదివరకు కలిసిన కార్యాలయం, తేదీ స్పష్టంగా రాయాలి. అర్జీ ఇచ్చిన వెంటనే రసీదు పొంది భద్రపరచుకోవాలి. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం సాధారణంగా 30 రోజులలోగా సమాచారం పొందే హక్కు పౌరులందరికీ ఉన్నది. పర్యావరణ అనుమతి కోరే పరిశ్రమలు, గనుల విషయంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు గ్రామస్థులు హాజరై తమ అభిప్రాయాన్ని నమోదు చేయించాలి. గ్రామసభలలో చేసిన తీర్మానం ప్రతి జతచేసిన వినతికి అధికారుల వద్ద అదనపు బలం చేకూరుతుంది.

అర్జీదారునికి పని అయినదన్న కబురు ఎంత అవసరమో, కాకపోతే అందుకు కారణం, తదుపరి మార్గం తెలపడం కూడా అంతే అవసరం. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెలలో విత్తు నాటే అదను, వరద హెచ్చరిక, నష్టపరిహారం జాబితా అన్నీ గడువుతో ముడిపడినవి. ఆ గడువులోగా సమాధానం గ్రామానికి చేరే ఏర్పాటు చేయడం కొత్తగా ఎన్నికైన శాసనసభ్యుల ప్రథమ కర్తవ్యం.