నాగుల చవితియు నాగర పంచమియు

శ్రావణమాసము వచ్చినంతనే మా గిల్లేసూగూరు ప్రాంతమున కన్నడ గృహములలో నాగర పంచమి సందడి ఆరంభమగును. ఆడపడుచులు పుట్టింటికి వత్తురు. చెట్లకు ఉయ్యాలలు కట్టుదురు. ఉండలు చేసి ఇరుగుపొరుగులకు పంచుదురు. మా తెలుగిండ్లలో మాత్రము ఆ పూజ దీపావళి వెళ్లిన పిదప, కార్తిక శుద్ధ చవితినాడు జరుగును. "తాతా, నాగదేవత ఒక్కడే కదా, పండుగలు రెండెందుకు?" అని మా మనుమడు అడిగినపుడు, ముప్పదియైదేండ్లు దస్త్రములు వ్రాసి విరమించిన నాకు సమాధానము తోచలేదు. పిదప విచారించి తెలిసికొన్న సంగతులను పాఠక మహాశయుల ముందుంచుచున్నాను.

ఇది తెలుగు కన్నడముల భేదము కాదని మొదట గ్రహింపవలెను. కోస్తా జిల్లాలలో చవితినాడు పుట్టలో పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు నివేదింతురు. తెలంగాణమున శ్రావణ శుద్ధ పంచమియే ముఖ్యము. రాయచూరు జిల్లా 1956 నవంబరు 1 వరకు తెలంగాణముతో కూడి హైదరాబాదు రాష్ట్రముననే యుండెను. 1953లో తుంగభద్ర జలాశయము సిద్ధమైన పిదప కాలువల వెంట భూములు కొని స్థిరపడిన కోస్తా రైతులు తమ చవితిని వెంట తెచ్చుకొనిరి. శ్రావణమున వాననీట కలుగులు నిండి పాములు వెలికివచ్చును. కార్తికమున కోతకు వచ్చిన వరిచేలలో ఎలుకల వెంట సంచరించును. రెండును కర్షకునకు పాము ఎదురుపడు కాలములే.

ఇక మాటలను చూడుడు. మనము పాలు అందుము, వారు హాలు అందురు. మనకు పాము, వారికి హావు. మనకు పుట్ట, వారికి హుత్త. ప్రాచీన కన్నడమున పకారముతో మొదలైన ఇట్టి పదములు కాలక్రమమున హకారమును పొందినవి. పుట్టలోని పామునకు పాలు పోయుట అను ఈ వ్రతమునకు కావలసిన మూడు మాటలును ఉభయులకు ఒకే మూలమునుండి సంక్రమించిన ఆస్తియే. తిథి మారినది గాని మాట మారలేదు.

చరిత్రయు ఇట్లే పలుకుచున్నది. అమరావతి బౌద్ధ శిల్పములలో బహుఫణముల నాగములు స్తూపమును చుట్టి కాపాడుచున్నట్లు చెక్కబడినవి. బాదామిలో 578వ సంవత్సరపు శాసనము గల మూడవ గుహయందు విష్ణువు శేషుని చుట్టలపై ఆసీనుడై యున్నాడు. లేపాక్షిలో ఏడు పడగల నాగము నీడన శివలింగము వెలసినది. కృష్ణాతీరమున మోపిదేవిలోను, పడమటి కనుమలలోని కుక్కెలోను సుబ్రహ్మణ్యుడు సర్పసంబంధముతోనే పూజలందుకొనుచున్నాడు. రావిచెట్టు క్రింద ప్రతిష్ఠించిన జంట నాగుల శిలలకు, అనగా కన్నడిగుల నాగరకల్లులకు, ఎల్లలు లేవు.

అయితే పూజ చేసినంత మాత్రమున చాలునా? రాతినాగునకు నైవేద్యమిడి, ప్రాణమున్న నాగుపై కర్ర యెత్తు జనుల తీరును 12వ శతాబ్దముననే బసవేశ్వరుడు ఒక వచనమున నిలదీసెను. ఆ మాట నేటికిని మనలను గుచ్చుచున్నది. చవితినాడు పుట్ట వెదకి పాలు పోయుదుము. మరునాడు మడి విశాలము చేయుటకు అదే పుట్టను చదును చేయుదుము. నిజమునకు పాలు పామునకు ఆహారము కాదు. పొలములోని ఎలుకలే దాని నైవేద్యము. మన ధాన్యమును కాచు ఈ కావలివానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును రక్షణ కల్పించినది.

భయము అకారణమని నేను చెప్పను. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు అంచనా వేసిరి. వీరిలో అధికులు పల్లెవాసులు. కావున రాత్రివేళ చేనికి పోవువారు దీపమును, కాలిజోళ్లను మరువరాదు. కాటు పడినచో మంత్రములకై కాలము వృథా చేయక వెంటనే విషహరమైన సూదిమందు గల ఆసుపత్రికి చేరవలెను. భక్తికి ఇది విరుద్ధము కాదు.

11వ శతాబ్దమున నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమున జనమేజయుని సర్పయాగకథ కలదు. ఆ యాగమును మాన్పినవాడు ఆస్తీకుడు. తండ్రి ముని, తల్లి వాసుకి చెల్లెలు. రెండు వంశములకును చెందిన బాలుడు గనుకనే ఇరువురి మధ్య నిలువగలిగెను. ఇంట తెలుగు, బడిలో కన్నడము నేర్చు మన పిల్లలును అట్టివారే. శ్రావణమున పొరుగింటి ఉండ స్వీకరింతురు గాక. కార్తికమున మన చిమ్మిలి వారికి పంచుదురు గాక. గట్టుమీది పుట్టను మాత్రము ఉభయులును కూలద్రోయకుందురు గాక. మనుమనికి నేను చెప్పిన సమాధానము ఇంతియే.